సవరణ: ఫిషర్ మొదటి ఎత్తు డీ4 కాదండీ, సీ4

మొన్న 1972 రెక్యావిక్ (ఐస్‌లాండ్) ప్రపంచ చెస్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్, అమెరికా ఫిషర్‌కీ సోవియట్ ఛాంపియన్ స్పాస్కీకీ మధ్య జరిగినది, దాని ఆరో గేమ్ గురించి రాస్తూ ఫిషర్ డీ4 తో (అంటే బంటుని డీ4 గడిలోకి తోసి) మొదలెట్టాడని రాసేశా, తప్పు నాదే. అతను ఆడింది సీ4. స్పాస్కీ ఈ6, తర్వాత నైట్ (గుర్రం) ఎఫ్3, డీ5, అప్పుడు మూడో ఎత్తులో డీ4 వచ్చింది, అలా తిరిగి తిరిగి క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ అనే ఓపెనింగ్‌లోకి, అందులోనూ టార్టకోవర్ లైన్ అనే రకంలోకి వచ్చి పడింది. గేమ్ చివరికి క్వీన్ పాన్ (రాణి ముందు బంటు) ఓపెనింగే కాబట్టి నాకు అలా గుర్తుండిపోయింది. కానీ దాదాపు ఎప్పుడూ ఈ4 ఆడే మనిషి సీ4 తోయడమే ఆరోజు అసలు షాకు, దాన్నే నేను మింగేశానన్నమాట!

ఇంకోటి, ఇది మ్యాచ్‌లో ఫిషర్ మొదటి గెలుపు అని రాశా, అదీ కాదు. మూడో గేమూ ఐదో గేమూ అప్పటికే గెలిచాడు, స్కోరు 2.5-2.5 మీద ఉండగా ఇది గెలిచి మొదటిసారి లీడ్‌లోకి వెళ్ళాడు.

38వ ఎత్తులో ఫిషర్ "ఏనుగుని ఊరికే ఇచ్చేశాడు" అని నేను రాసింది కూడా అతి. ఎఫ్6 లో స్పాస్కీ గుర్రాన్ని కొట్టాకే ఏనుగు పోయింది, వెంటనే రెండో ఏనుగుతో అక్కడి బంటునీ కొట్టాడు, నల్లరాజుకి ఇక అడ్డం ఎవరూ లేరు, 41వ ఎత్తు క్వీన్ ఎఫ్4 చూసి స్పాస్కీ వదిలేశాడు.

ఓడిన స్పాస్కీ చప్పట్లు కొట్టాడన్నది మాత్రం నిజమే, అది అలాగే ఉంచా.