ఫౌండేషన్ పగ్గాలు ఎప్పుడు వదలాలి?

అమెరికాలోని మన అసోసియేషన్ పెద్దల్లో చాలామందికి విల్లు ఉంది, ఇన్సూరెన్సు ఉంది. కుటుంబం పేరిట దానధర్మాలకు పెట్టిన ఫౌండేషన్ సంగతి ఎత్తితే మాత్రం "పిల్లలు చూసుకుంటారులే" అంటారు. ఆ పిల్లలకు ఏం తెలుసని అడిగితే మాట మార్చేస్తారు. బోర్డులో ఉండేదీ చాలాచోట్ల భార్యా పిల్లలే. మీరు పోయాక ఎలా అని పెట్టిన పెద్దాయన మొహం మీద అడిగేదెవరు?

అందుకే అంటున్నాను, ఫౌండేషన్ పెట్టినవారు ఓపిక ఉండగానే అధ్యక్ష పదవి వదిలేయాలి. బోర్డులో సభ్యుడిగా ఉండండి, సలహాలు ఇవ్వండి. చెక్కు మీద సంతకం మాత్రం ఇంకొకరు పెట్టాలి.

అలా చేయకుండా ఆయన హఠాత్తుగా పోతే? బ్యాంకులో సంతకం ఆయనొక్కడిదే. ఆన్‌లైన్ ఖాతా తెరవడానికి కోడ్ ఆయన ఫోన్‌కే వస్తుంది. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దగ్గర బాధ్యుడిగా ఉన్నదీ ఆయన పేరే. ఆ పేరు మారితే 60 రోజుల్లోగా ఫారం 8822-బి పంపాలి. ఇంట్లో దుఃఖం ఉందని ఫౌండేషన్ తన ఆస్తిలోంచి ఏటా పంచాల్సిన సుమారు 5 శాతం ఆగదు. ఫౌండేషన్ ఏటా దాఖలు చేసే రిటర్న్ 990-పీఎఫ్‌కు గడువు పొడిగింపు దొరుకుతుంది, అయితే అది అడగాలని గుర్తున్నవాళ్లు ఉండాలి కదా.

ఇవన్నీ ఒక శనివారం కూర్చుంటే తేలిపోయే పనులు. ఆయన నలుగురికీ ఇచ్చిన మాటలు అంత తేలిగ్గా తేలవు. సభలో మైకు పుచ్చుకుని "నా వంతుగా ఇంత" అంటారు, చప్పట్లు మోగుతాయి, ఎవరో విరాళం హామీ కార్డు తెస్తే సంతకం పెట్టేస్తారు. ఆ మాట ఆయన సొంతానిదా, ఫౌండేషన్‌దా? ఆయన సొంతంగా, చట్టానికి నిలిచేలా రాసిచ్చి ఉంటే, ఆ బాకీని ఫౌండేషన్ డబ్బుతో తీర్చడం సెల్ఫ్ డీలింగ్ (ఫౌండేషన్ డబ్బును సొంతానికి వాడుకోవడం) కిందికి రావచ్చు. నాన్న మాట పోకూడదని కొడుకు చెక్కు రాసేస్తాడు. పాపం, తప్పు చేస్తున్నానని అతనికి తెలియదు. 1969 నుంచీ ఉన్న ఈ నిబంధన ఉద్దేశం మంచిదా కాదా అని చూడదు, జరిమానా పన్ను వేసి లావాదేవీని సరిదిద్దమంటుంది. ఎవరికి, ఎంత, ఎవరి పేరిట, నోటిమాటా రాతపూర్వకమా అన్నది ఆయనే కూర్చుని ఒక పుస్తకంలో రాసిపెడితే ఈ టెన్షన్ ఉండదు. ఆయన తప్ప వేరెవరూ రాయలేని పుస్తకం అది.

ఇక పెట్టినవారి ఆశయం వాళ్లు పోయాక నిలుస్తుందా అన్న మాటకొస్తే, ఫోర్డ్ ఫౌండేషన్‌ను 1936లో మొదలుపెట్టిన ఎడ్సెల్ ఫోర్డ్ 1943లో, ఆయన తండ్రి హెన్రీ ఫోర్డ్ 1947లో పోయారు. ఆ తర్వాత అది ఎంత పెద్దదైందో అందరికీ తెలుసు. ఎడ్సెల్ కొడుకు రెండో హెన్రీ ఫోర్డ్ మాత్రం దాని పోకడ నచ్చడం లేదని రాసి 1976లో బోర్డుకు రాజీనామా ఇచ్చాడు. తన పేరిట ఫండ్ పెట్టి 1932లో పోయిన అమెరికా వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇంకో దారి చూపించాడు. తాను పోయాక 25 ఏళ్లలోపు డబ్బంతా ఖర్చు చేసేయమని ముందే కట్టడి చేశాడు. 1948కల్లా ఆ ఫండ్ పని ముగించుకుంది. నా ఓటు రోజెన్‌వాల్డ్‌కే. పిల్లలకు ఆసక్తి లేకపోతే దుకాణం కట్టేయడంలో పరువు తక్కువేమీ లేదు.

ఆసక్తి ఉందో లేదో తెలియాలంటే ఈ ఏడు ఇచ్చే గ్రాంట్లలో కొన్నింటిని పూర్తిగా పిల్లలకే వదలండి, మీరు ఓటు వేయకండి. మీకు నచ్చని చోటికి ఇస్తారు, ఇవ్వనివ్వండి. ఎందుకు నచ్చలేదో చెప్పడానికి మీరు ఇంకా ఉన్నారు, ఎందుకు ఇచ్చామో వాళ్లూ చెబుతారు. ఇద్దరు పిల్లలు చెరోవైపు పట్టుబడితే మూడో ఓటు ఎవరిదన్నది ఆ వేడిలోనే బైలాస్‌లో (సంస్థ నియమావళిలో) రాయించండి. ఆ ఓటు కుటుంబానికి బయటి మనిషిదైతే మరీ మంచిది.