నాలుగంగుళాల శాంపిల్ ముక్కకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ గ్రానైట్ శాంపిల్ ముక్క గారి దివ్యసముఖానికి,

మీ లాట్‌లోదేనని ఒట్టేసి చెప్పిన బండ నిన్న మధ్యాహ్నం మా వంటింటికి వచ్చింది. బుధవారం అని చెప్పి శనివారం తెచ్చారు, దానికి నేనేమీ అనను. నా సెలవు పోయింది, పోనీ. సాయంత్రం మేస్త్రీ గట్టు మీద బండ పరిచి, దుమ్ము కడిగి పక్కకు జరిగాడు. స్టవ్ కోసం కోసిన కంతకు కుడిపక్కన, జానెడు పొడుగున తుప్పురంగు మరక. చాయ్ ఒలికిందేమో అనుకుని తడిగుడ్డతో తుడిచాను. సర్ఫ్ వేసి రుద్దాను. మేస్త్రీ కాసేపు చూసి, "అది రాయిలనే ఉన్నది మేడం" అన్నాడు.

తమరిలో అలాంటిదేమీ లేదే! తెలుపు మీద సన్నటి నల్ల చుక్కలు, అంతే. పదకొండు రోజులు నా హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన తిరిగారు. పొద్దున వంటింటి అరల గ్రే తలుపు, అదే షట్టర్, పక్కన పెట్టి చూస్తే ఈడూజోడూ కుదిరింది. రాత్రి ట్యూబ్‌లైటు వేస్తే షట్టర్లోంచి నీలం, మీలోంచి పసుపు బయటపడ్డాయి. మా ఊరు ఒకప్పుడు నీలగిరి, బహమనీలొచ్చాక నల్లగొండ అయింది. ఊరి రంగు మారడానికి రాజ్యం మారాల్సొచ్చింది, మా షట్టర్లకు స్విచ్ చాలు. పానగల్లులో ఛాయా సోమేశ్వరుడి మీద నీడ పొద్దంతా ఉన్నచోటే ఉంటుంది. ఆ గుడి కట్టినోళ్లకు వెలుతురు సంగతి తెలుసు. షోరూం వాళ్లకూ తెలుసు, అందుకే అన్నేసి తెల్ల లైట్లు.

అయినా మిమ్మల్నే నమ్మాం. నల్ల గ్రానైట్ అద్దింట్లో చూసినదే. మా బోరు నీళ్లకు కుళాయి చుట్టూ తెల్ల చారలు కట్టేవి, నిమ్మతొక్కతో రుద్దీ రుద్దీ నా గోళ్లు అరిగాయి. మార్బుల్ మీద పులుసు చుక్క పడితే మెరుపు పోతుంది, మా ఇంట్లో చింతపండు లేని పూట లేదు. క్వార్ట్జ్ ఫ్యాక్టరీ సరుకు, ముక్కా బండా ఒకేలా ఉంటాయి. కానీ అందులో రెసిన్ కలుస్తుంది, పొయ్యి మీది కుక్కర్ నేరుగా దించొద్దంటారు. కుక్కర్‌కు పీటేసి మర్యాదలు చేసే ఓపిక నాకు లేదు.

ఇక మా అత్తమ్మ. షట్టర్లు బిగించిన రోజే, "బూడిద రంగుకు పైసలిచ్చిండ్రా? కట్టెల పొయ్యి ఉన్నప్పుడు ఉట్టిగనే వస్తుండె గద బిడ్డా" అంది. నిన్న మరక చూసి ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్తాం. ఆ అలవాటే నా కొంప ముంచింది. రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. మా గట్టు రెండు వైపులూ కలిపి 13 అడుగులు, వెడల్పు 2 అడుగులు, అంటే 26 చదరపు అడుగులు. నాలుగంగుళాల ముక్కలుగా కోస్తే 234 అవుతాయి. ఆ 234లో నువ్వొక్కదానివి. ఒక్కదానివి వచ్చి మిగతా అందరి తరఫునా జామీను ఇచ్చావు! నిలబెట్టిన బండ మొత్తం మీద మగ్గుతో నీళ్లు కొట్టి చూపించమని అడగాల్సింది. అడగలేదు. నువ్వు చేతిలో నున్నగా, చల్లగా ఉంటివి మరి.

ఫోన్ చేస్తే షాపాయన, "నేచురల్ మేడం, దేవుడు చేసిన రాయి" అన్నాడు. దేవుడు చేస్తే బిల్లు నువ్వెందుకు రాశావయ్యా? "కోసిన బండ వాపస్ ఉండదు మేడం." సింకు కంత కూడా కోసేశారు. బండకు మనసు లేదంటారు, దాన్ని అమ్మేటోడికి కనీసం సిగ్గన్నా ఉండొద్దా!

ఈ సాయంత్రం గట్టు వెనక గోడకు వేసే డాడో టైల్స్‌కు పోయాం. కాఫీ కప్పుల బొమ్మలేసిన హైలైటర్ టైల్స్ చూపించాడు. మేం తాగేది చాయ్, అవి వద్దన్నాను. తుప్పుమరకకు తోడుగా ఉండేట్టు లేత గోధుమరంగుది ఒకటి నచ్చింది. వెనక గోడంతా ఆ రంగుంటే మరక కావాలని పెట్టించుకున్నట్టుంటుందని నా ఆశ. కౌంటర్ దగ్గరి పిల్లగాడు చిన్న ముక్క నా చేతిలో పెట్టి, "ఇంటికి తీస్కపోయి చూస్కోండి మేడం, లాట్ అదే" అన్నాడు.

తెచ్చాను. ఇప్పుడది నీ పక్కనే ఉంది.

ఇట్లు,
మిగతా 233 ముక్కల యజమానురాలు,
నల్లగొండ