కేరబ్‌ని చాక్లెట్‌కి డూప్ చేయకండి

"చాక్లెట్ మానలేకపోతున్నారా? కేరబ్ పౌడర్ వాడండి." "షుగర్ ఉన్నవాళ్ళకి కేరబ్ అమృతం." ఈమధ్య ఏ హెల్త్ వీడియో తెరిచినా ఇదే గోల. కేరబ్ అంటే మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఓ చెట్టు కాయ; దాన్ని పొడి చేసి చాక్లెట్‌కి బదులుగా అమ్ముతున్నారు. నాకైతే ఒళ్ళు మండుతోంది.

ముందు ఆ షుగర్ సంగతి. పండిన కేరబ్ కాయలో సుమారు 40 నుంచి 50 శాతం చక్కెరలే. కాయలు ముక్కలు చేసి నానబెట్టి, ఆ నీళ్ళని మరగబెడితే వచ్చే పాకంలో అయితే చెప్పనక్కర్లేదు, బెల్లం పాకంలా నల్లగా సాగుతుంది. దాన్ని షుగర్ పేషెంట్లకి అమృతమని అమ్మడానికి మనసెలా ఒప్పుతుందండీ?

ఇక చాక్లెట్ పోలిక. ఐరోపాకి చాక్లెట్ మొహం తెలియని రోజుల నుంచీ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల జనం తింటున్న కాయ ఇది. జానెడు పొడవు, ముదురు గోధుమరంగు, తోలులాంటి పైపొర, ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. పండకముందు కొరికితే ఒకటే వగరు. లెబనాన్‌లో దీని పాకాన్ని నువ్వుల ముద్దతో కలిపి రొట్టెకి అద్దుకు తింటారు. మన చిమ్మిలి తిన్నవాళ్ళకి ఆ రుచి వేరే చెప్పాలా! ఈజిప్టులో రంజాన్ ఉపవాసం విడిచేటప్పుడు చల్లటి కేరబ్ షర్బత్ తాగుతారు. సైప్రస్‌లో అనోయిరా అనే ఊళ్ళో పాకాన్ని ముద్దయ్యేదాకా కాచి, కొక్కేనికి తగిలించి లాగుతారు. లాగగా లాగగా ఆ నల్లటి ముద్ద బంగారు రంగుకి తిరుగుతుంది. ఆ మిఠాయే పాస్తెలి. ఇంత పనితనం ఉన్న తిండిని పట్టుకుని 'చాక్లెట్ లాంటిదే' అని తేల్చేస్తే ఎలా?

మందుగా వాడకమూ ఉంది, కానీ దానికో హద్దుంది. మాల్టాలో దగ్గుకి కేరబ్ సిరప్ ఇస్తారు. విరేచనాలకి కాయ పొడి చాలాచోట్ల పాతకాలపు ఇంటి వైద్యం. అందులోని టానిన్లూ (వగరునిచ్చే పదార్థాలు) పీచూ పేగుల్లో నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి దానికో అర్థముంది. అలాగని పిల్లాడికి విరేచనాలవుతుంటే ఓఆర్‌ఎస్ మానేసి ఈ పొడి వెతుక్కోమని కాదు. దగ్గూ విరేచనాల దగ్గర ఆగిన ఇంటి వైద్యాన్ని తెచ్చి ఈ వీడియోలవాళ్ళు క్యాన్సర్‌కి మందనేదాకా సాగదీస్తున్నారు చూడండి, నాకు కోపం అక్కడే.

ఇంకో సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు. 1941 చలికాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న గ్రీసులో జనం ఆకలితో చచ్చిపోతుంటే, పశువులకి వేసే ఈ కాయలే ఎంతోమంది కడుపు నింపాయి. అలాంటి చెట్టుకి మర్యాద ఇవ్వాలి కదా.

నిజానికి మనమూ దీన్ని తింటూనే ఉన్నాం. ఐస్‌క్రీమ్ డబ్బా మీద స్టెబిలైజర్ అనేచోట 410 అని కనిపిస్తే అది కేరబ్ గింజల జిగురే. పక్కన 412 కూడా ఉంటే అది మన గోరుచిక్కుడు గింజలది. రెండో ప్రపంచ యుద్ధంలో కేరబ్ జిగురు దొరక్క అమెరికావాళ్ళు గోరుచిక్కుడు మీద పడ్డారు. ఆ కొరతతోనే గోరుచిక్కుడు జిగురుకి మార్కెట్ మొదలైంది.

కేరబ్ అమ్మండి, నాకేం అభ్యంతరం లేదు. ప్యాకెట్ మీద చక్కెర ఎంతో పెద్ద అక్షరాల్లో వేయండి. నువ్వులతో ఎలా తినాలో రాయండి. ఆ 'అమృతం' అనే ముక్క మాత్రం తీసేయండి.