ముప్పై ఒకటో రోజు

2024 జనవరి. పాడేరు ఏజెన్సీ, పెదబయలు మండలంలో ఒక గూడెం. పొద్దున్న తొమ్మిదైనా మంచు విడలేదు. స్కూలు వరండాలో మా వైద్య శిబిరం. బీపీ చూసే బల్ల ఒకటి, డాక్టర్ల బల్లలు మూడు, చివర్లో మందుల బల్ల. న్యూజెర్సీలో పందొమ్మిదేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను కాబట్టి ఆ చివరి బల్ల నాకు అప్పగించారు.

పదకొండింటికి ఒక అవ్వ వచ్చింది. బీపీ 188/104. డాక్టరు గారు ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రోజుకొకటి చొప్పున ముప్పై రోజులకు రాశారు. మూడు స్ట్రిప్పులు కవర్లో వేసి, పైన "పొద్దున్న ఒకటి" అని రాసి ఇచ్చాను. ఆవిడకు చదువు రాదు. తెలుగు మాట్లాడటం కూడా అంతంతమాత్రం, ఇంట్లో మాట్లాడేది కువి. పక్కనే ఉన్న ఆశా కార్యకర్త నా చేతిలో పెన్ను తీసుకుని, కవరు మీద కొండ వెనక నుంచి పైకి వస్తున్న సూర్యుణ్ణి గీసింది. దాని పక్కన ఒక చుక్క పెట్టింది. అవ్వ కవరు అటూ ఇటూ తిప్పి చూసి ఏదో అడిగింది.

"ఇవి అయిపోయినాక ఏటి సెయ్యాలని అడుగుతోంది మేడం."

నా దగ్గర జవాబు లేదు. "పీహెచ్‌సీకి వెళ్లమని చెప్పమ్మా" అన్నాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం నా వంక చూసి, ఆ మాటే అవ్వకు చెప్పింది. పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పద్నాలుగు కిలోమీటర్లనీ, అందులో మొదటి ఐదు నడిచే వెళ్లాలనీ నాకు సాయంత్రం గానీ తెలియలేదు. అవ్వ కవరును కొంగున ముడి వేసుకుని వెళ్లిపోయింది.

అమెరికాలోని మన సంఘం వచ్చే శీతాకాలానికి శిబిరాల జాబితా తయారు చేస్తోంది. ఎనిమిది జిల్లాలు, ఎనిమిది శిబిరాలు అనుకుంటున్నాం. నేను వద్దంటున్నాను. ఆ ఓపిక, ఆ డబ్బు, ఆ మనుషులు అందరం కలిసి ఏజెన్సీలో ఒకే ఒక్క పీహెచ్‌సీ పరిధికి పదేళ్లపాటు వెళ్దాం. ఎందుకు అంటున్నానో చెప్తాను.

మరుసటి ఏడాది మా బృందం వేరే జిల్లాకు వెళ్లింది. 2025 జనవరిలో నేను నర్సీపట్నంలో అమ్మ దగ్గర ఉన్నప్పుడు ఒక రోజు వీలు చేసుకుని మళ్లీ ఆ గూడేనికి వెళ్లాను. (నర్సీపట్నంలో పుట్టి, మేడ మీద నుంచి రోజూ ఆ కొండలు చూస్తూ పెరిగి, పెళ్లయి అమెరికా వెళ్లేలోపు నేను ఘాట్ రోడ్డు ఎక్కింది రెండుసార్లు. రెండూ పిక్నిక్కులే. ఈ మాట రాయడానికి బాధగా ఉంది.) అవ్వ ఉంది. చూరులో దోపిన కవరు తీసి చూపించింది. సూర్యుడు వెలిసిపోయాడు. ముప్పై రోజుల్లో అయిపోతాయని తెలిసి ఒక్కో మాత్రను సగం చేసి రెండు నెలలు వేసుకుందట. ఆ తర్వాత పది నెలలు ఏమీ లేదు. ఖాళీ కవరు ఎందుకు దాచావని అడిగితే, మళ్లీ వస్తారని, వచ్చినప్పుడు చూపిస్తే అవే ఇస్తారని అంది.

ఆ రోజే రోడ్డు దాకా నడిచి, అక్కడ ఆటో మాట్లాడి అవ్వనీ ఆశా అమ్మాయినీ పీహెచ్‌సీకి తీసుకెళ్లాను. ఆమ్లోడిపిన్ అక్కడ ఉంది. ఏడాది పొడుగునా ఉందట, ఉచితంగానే. ఆశా అమ్మాయి నెలకోసారి మీటింగుకి అక్కడికే వస్తుంది. వెళ్లేటప్పుడు మాత్రలు తీసుకెళ్లి ఇవ్వగలదు. అవ్వకు బీపీ ఉందని రాసి ఉన్న కాగితం ఒక్కటి ఆ అమ్మాయి చేతిలో ఉంటే సరిపోయేది. మా శిబిరం రిజిస్టరులో ఆ కాగితం ఉంది. ఆ రిజిస్టరు వార్షిక నివేదిక కోసమని మాతోపాటు న్యూజెర్సీ వచ్చేసింది.

ఇందులో ఎవరి చెడ్డ మనసూ లేదు. ఆ రోజు మా డాక్టర్లు టీ కూడా తాగకుండా చీకటిపడే దాకా చూశారు. ఒక్కరోజులో ముగిసే పనులను శిబిరం చక్కగా చేస్తుంది కూడా. కదులుతున్న పన్ను తీసేస్తే నొప్పి ఆ పూటే పోతుంది. దగ్గర చూపు కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ అక్కడికక్కడే సూదిలోకి దారం ఎక్కించి, తీసి, మళ్లీ ఎక్కించి చూసుకుంది. అలాంటివాటికి శిబిరాలు పెడుతూనే ఉందాం. కానీ బీపీ, షుగరు, మూర్ఛ, టీబీ, సికిల్ సెల్ ఒక్కరోజు పనులు కావు. వాటికి మన దగ్గరున్న మందు కన్నా, ముప్పై ఒకటో రోజున తలుపు తట్టే మనిషి ముఖ్యం.

అసలు మనం వెళ్లే కాలమే చూడండి. డిసెంబరు సెలవులు, సంక్రాంతి కలిసొస్తాయని జనవరి పెట్టుకుంటాం. ఆ రోజుల్లో అక్కడ కాఫీ పళ్లు కోస్తుంటారు. వయసులో ఉన్నవాళ్లంతా తోటల్లో ఉంటారు, రోజు కూలి వదులుకుని శిబిరానికి రారు. ఏజెన్సీని మంచాన పడేసేది వానాకాలం. మలేరియా, విరేచనాలు అప్పుడే. గెడ్డ (కొండవాగు) పొంగిందంటే బండి మాట దేవుడెరుగు, డోలీ కూడా దాటదు. నిండు గర్భిణిని కర్రకు కట్టిన దుప్పట్లో మోసుకుంటూ గట్టున నిలబడిపోయిన ఫొటోలు మనం ప్రతి ఏడాదీ పేపర్లో చూస్తాం, వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుంటాం. ఆ నెలల్లో మనలో ఒక్కరం కూడా అక్కడ ఉండం.

మలేరియా మాటొచ్చింది కాబట్టి నా వృత్తికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. వైవాక్స్ రకం మలేరియా లివర్లో దాక్కుని నెలల తర్వాత తిరగబెడుతుంది. అది రాకుండా ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వాడాలి. జ్వరం మూడో రోజుకే తగ్గుతుంది. తగ్గాక మాత్ర ఎందుకని ఎవరైనా ఆపేస్తారు, మా ఇంట్లోనూ ఆపేస్తారు. పైగా జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్నవాళ్లకు ఆ మందు పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కాబట్టి ఇచ్చి ఊరుకుంటే కుదరదు, మూత్రం రంగు మారిందా, కళ్లు పచ్చబడ్డాయా అని ఎవరో ఒకరు వెళ్లి చూస్తుండాలి. ఆ పని విమానం ఎక్కి వచ్చినవాళ్లు చేయలేరు. పక్క ఇంట్లో ఉన్నవాళ్లు చేయగలరు.

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్. అది ఇంకా సున్నితమైన విషయం. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. నలభై ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి నిర్మూలించాలని లక్ష్యం. ఆ ఊపులో మనలాంటి బృందాలు కూడా కిట్లు తీసుకెళ్లి పరీక్షలు చేస్తామంటున్నాయి. వేలి నుంచి రక్తం తీయడం తేలిక. నిర్ధారణ పరీక్ష ఫలితం వచ్చేసరికి మనం తిరుగు విమానంలో ఉంటాం. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా ఆ జన్యువు ఉన్నవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాహకురాలు కావడం వేరు, జబ్బు ఉండటం వేరు. ఈ తేడాను వాహకురాలని తేలిన అమ్మాయికి, కాబోయే అత్తమామలకు, ఊరి పెద్దకు, గూడెంలో మంచిచెడ్డలు చూసే దిసారికి వాళ్ల భాషలో ఓపిగ్గా కూర్చుని చెప్పకపోతే, ఆ కాగితం ఆమె పెళ్లికి అడ్డం అవుతుంది. జబ్బు ఉన్న పిల్లలకు హైడ్రాక్సీయూరియా మంచి మందే, కానీ దాన్ని మొదలుపెడితే రక్త పరీక్షలు మళ్లీ మళ్లీ చేయిస్తూ ఉండాలి. తర్వాత ఎవరు చూస్తారో తెలియకుండా పరీక్ష చేయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

సూట్‌కేసుల్లో తీసుకెళ్లే మందుల గురించి కూడా చెప్పాలి. శిబిరం ముందురోజు రాత్రి నేను అట్టపెట్టెలు విప్పితే విటమిన్ గమ్మీలు, సగం వాడిన దగ్గు సిరప్పులు, రెండు నెలల్లో గడువు తీరిపోయే మాత్రలు బయటపడ్డాయి. మందుల విరాళాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు 1996 నుంచీ ఉన్నాయి. చేరేనాటికి కనీసం ఏడాది గడువు ఉండాలి, ఒకరికి ఇచ్చి వెనక్కి తీసుకున్నవి, ఫ్రీ శాంపిల్స్ పంపకూడదు, ఆ దేశం వాడే మందులే పంపాలి. మన ఇంట్లో పనికిరానిది గూడెంలో పనికొస్తుందనుకోవడం దానం కాదు. పీహెచ్‌సీలో దొరికే మందుల జాబితా ముందే తెప్పించుకుని, అందులో లేనిది ఏదీ మనం మొదలుపెట్టకూడదు.

ఇంకో మాట. విదేశీ లైసెన్సుతో అక్కడ చికిత్స చేయడం కుదరదు. భారత వైద్య చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, కనీసం తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఉండాలి. మన ఊరే కదా అని దాన్ని పక్కన పెట్టేస్తున్నాం. మన అమెరికా ఊళ్లో ఎవరైనా అలా వచ్చి మందులు పంచితే ఊరుకుంటామా?

సమావేశంలో ఈ మాట అన్నప్పుడు కొందరు మిత్రులు, "అసలేమీ లేకపోవడం కన్నా ఏదో ఒకటి నయం కదండీ" అన్నారు. అవ్వ విషయంలో అది నిజం కాలేదు. శిబిరం ఇచ్చింది కదా అని ఆవిడ మా కోసం పది నెలలు ఎదురుచూసింది, పీహెచ్‌సీకి వెళ్లలేదు. ఇంకొందరు పిల్లల గురించి అడిగారు. మన పిల్లలు తాతల నేలను చూడాలి, సేవ అంటే ఏమిటో తెలుసుకోవాలి. తప్పకుండా రావాలి. నీళ్లు మోయాలి, పేర్లు రాయాలి, ఆ ఊరి పిల్లలతో ఆడుకోవాలి. బీపీ పట్టీ కట్టడం, చెవిలో టార్చి వేసి చూడటం మాత్రం వద్దు. కాలేజీ అప్లికేషన్ కోసం ఒక ముసలమ్మ చేయి పట్టుకుని ఫొటో దిగడం వద్దు. ఆవిడ ఒప్పుకుందో లేదో అడగడానికి కూడా మనకు కువి రాదు.

డబ్బు లెక్క ఒకటి చెప్తాను. 2024లో నా టికెట్టు 1,450 డాలర్లు, అప్పటి లెక్కన ఇంచుమించు లక్షా ఇరవై వేల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆశా కార్యకర్త గౌరవ వేతనం నెలకు 10,000, అంటే ఏడాదికి లక్షా ఇరవై వేలు. నేను మూడు రోజులు కూర్చుని రావడానికి అయిన ఖర్చుతో ఆ అమ్మాయి ఏడాదంతా కొండలు ఎక్కి దిగుతోంది. మేం వెళ్లింది పద్నాలుగు మందిమి.

ఊళ్లోవాళ్లకే నేర్పితే ఏం జరుగుతుందో మన దేశంలోనే రుజువైంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 1986లో సెర్చ్ సంస్థ మొదలుపెట్టి, ఊరి ఆడవాళ్లకే నవజాత శిశువుల సంరక్షణ నేర్పారు. ఆ ఊళ్లలో పురిటి బిడ్డల మరణాలు 60 శాతానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. నీలగిరుల్లో గూడలూరు ఆదివాసీ ఆసుపత్రిలో ఆదివాసీ అమ్మాయిలే నర్సులు. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే అమ్మాయిలు ఏడాదికి నలుగురిని మనం నర్సింగ్ చదివిస్తే, పదేళ్లలో నలభై మంది అవుతారు. వాళ్లకు దుభాషి అక్కర్లేదు.

ఈ ఆగస్టులో, వానల్లో, ముగ్గురం వెళ్తున్నాం. శిబిరం పెట్టడం లేదు. పీహెచ్‌సీ డాక్టరు గారు ఏ పని చెప్తే అది చేస్తాం. ఏం తీసుకురమ్మంటావని ఆశా అమ్మాయిని ఫోన్లో అడిగాను. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి మాట్లాడింది. రెయిన్‌కోటు, మంచి టార్చి, బీపీ మిషనుకు బ్యాటరీలు, కవర్ల మీద బొమ్మలకు నీళ్లు తగిలినా పోని స్కెచ్ పెన్నులు. చివర్లో, "ఆ రోజు పేర్లు రాసుకున్న పుస్తకం మేడం, అది ఇస్తే చాలా పనికొస్తాది" అంది.

రిజిస్టరు నా దగ్గరికి తెప్పించుకున్నాను. 312 పేర్లు, అన్నీ ఇంగ్లీషులో, మాకు వినపడినట్టు రాసుకున్నవి. రోజూ రాత్రి వంటయ్యాక కూర్చుని తెలుగులోకి రాస్తున్నాను. గూడేల పేర్లు తేలకపోతే ఆదివారాలు ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడుగుతున్నాను. ఇప్పటికి 140 అయ్యాయి.