బ్యాలెట్టు గారూ, మీకెందుకండీ ఇంత మొహమాటం?

శ్రీయుత బ్యాలెట్టు గారికి,
కాలిన్ కౌంటీ, టెక్సాస్.

అయ్యా,

ఫ్రిస్కో నుంచి మీ ఓటరు రాసుకునేది. మేమంతా క్షేమం, ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చిన రోజు తప్ప.

మీ మీద నా ఫిర్యాదు ఒక్కటే. మీ చేతిలో అసలు బలం ఉన్న రోజేమో చడీచప్పుడు లేకుండా వచ్చి వెళ్ళిపోతారు. తేలాల్సింది తేలిపోయాక మాత్రం మేళతాళాలతో ఊరేగుతూ వస్తారు. నాలుగేళ్ళకోసారి నవంబరులో ప్రెసిడెంటు పేరు పెట్టుకుని వచ్చారంటే మావాళ్ళు పొద్దున్నే లైన్లో నిలబడి, ఓటేశానన్న స్టిక్కరు చొక్కాకి అంటించుకుని, సెల్ఫీ దిగి, అత్తగారి ఊరి వాట్సాప్ గ్రూపు దాకా పంపిస్తారు. అదే మార్చిలో ప్రైమరీ అంటూ, నవంబరు పోటీకి ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చడానికి వస్తే "ఇప్పుడేం ఎన్నికలండీ, మొన్ననే అయిపోలేదూ?" అంటారు.

వాళ్ళనీ ఏమనలేం. 2026 క్యాలెండరే చూడండి. మార్చి 3న ప్రైమరీ. అందులో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మే 26న రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోటీ. ఈలోగా మే 2న సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు లాంటి లోకల్ ఎన్నికలు. వాటిలోనూ తేలకపోతే జూన్‌లో వాటికో రనాఫ్. ఇవన్నీ అయ్యాక నవంబరు 3. ఏడాదిలో ఇన్నిసార్లు పిలిస్తే మేము సొంత మేనమామ ఇంటికే వెళ్ళం. పైగా మే నెల మొదటి శనివారమా! ఒకరింట్లో అమ్మాయి అరంగేట్రం, ఇంకొకరింట్లో అబ్బాయి గ్రాడ్యుయేషన్ పార్టీ, మధ్యాహ్నం క్రికెట్ లీగ్ మ్యాచ్, సాయంత్రం ఎవరిదో సత్యనారాయణ వ్రతం. తెలుగువాళ్ళని ఓటుకి దూరంగా ఉంచాలని ఎవరైనా పనిగట్టుకుని కూర్చుని ఆలోచించినా ఇంతకంటే మంచి ముహూర్తం దొరికేది కాదు.

స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదని సంబరపడుతూ కాలిఫోర్నియా నుంచి సామాన్లు సర్దుకుని వచ్చిన జనం మేము. ఆ సంబరమంతా ప్రాపర్టీ టాక్స్ రూపంలో కక్కిస్తారని ఇక్కడికొచ్చాక తెలిసింది. ఆ బిల్లులో పెద్ద ముక్క స్కూల్ డిస్ట్రిక్టుది. ఆ రేటు మీద ఓటేసే పెద్దమనుషులని ఎన్నుకునేది ఆ శనివారమే. స్కూల్ బాండ్లకి, అంటే స్కూళ్ళ కోసం చేసే అప్పుకి, అనుమతి అడిగేటప్పుడైతే "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని మీ ఒంటి మీదే పెద్దక్షరాల్లో అచ్చు వేయాలని 2019లో చట్టం కూడా చేశారు. మీరు అంతలా అరుస్తున్నా వినడానికి హాల్లో మనిషి ఉండడు.

ఇక ప్రైమరీ సంగతి. టెక్సాస్‌లో ఓటరుగా నమోదు చేసుకునేటప్పుడు మీది ఏ పార్టీ అని అడగరు. చాలా మర్యాదస్థులు అనుకుంటాం. ఆ ముచ్చట ప్రైమరీ రోజుకి దాచిపెడతారు. టేబుల్ ముందు నిలబడగానే "ఏ పార్టీ బ్యాలెట్టు కావాలి?" అని అడుగుతుంది పెద్దావిడ. వెనకాల చూస్తే గుళ్ళో పులిహోర వడ్డించే అంకుల్. మనం గొణుగుతాం, ఆవిడకి వినపడదు, "కాస్త గట్టిగా చెప్పమ్మా" అంటుంది. ఊళ్ళో అయితే మూడు పార్టీల కండువాలూ కప్పించుకుని, మూడు జీపులూ ఎక్కి, లోపలికెళ్ళాక మన ఇష్టం వచ్చిన గుర్తు మీద నొక్కి వచ్చేవాళ్ళం. ఇక్కడ ఎవరికి వేశామన్నది రహస్యమే, ఏ పార్టీ ప్రైమరీలో వేశామన్నది మాత్రం పబ్లిక్ రికార్డు. ఇందులో వేసినవాళ్ళు ఆ తర్వాత అవతలి పార్టీ రనాఫ్‌లో వేలు పెట్టకూడదు కూడా.

అలాగని మానేద్దామా అంటే అసలు ఆటంతా అక్కడే. 1994 తర్వాత టెక్సాస్‌లో రాష్ట్రం మొత్తం ఓటేసే పదవి ఒక్కటి కూడా డెమొక్రాట్లు గెలవలేదు. రిపబ్లికన్ ప్రైమరీ గెలిచారంటే దాదాపు పదవి గెలిచినట్టే. అంటే నవంబరులో మేము లైన్లో నిలబడి ఇచ్చే తీర్పు చాలా పదవులకి మార్చిలోనో మేలోనో ఎవరో రాసిపెట్టేసిందే. (నాది ఏ పార్టీ అంటారా? అది పులిహోర అంకుల్‌కి తెలుసు, ఆయన్నే అడగండి.)

మీ పూర్వీకుల చరిత్ర కూడా కాస్త చదివానండోయ్. 1948లో సెనేట్ సీటుకి డెమొక్రటిక్ ప్రైమరీ రనాఫ్. దాదాపు పది లక్షల ఓట్లు పోలైతే లిండన్ జాన్సన్ 87 ఓట్ల తేడాతో గెలిచాడు. పోలింగ్ అయిన కొన్ని రోజులకి జిమ్ వెల్స్ కౌంటీలో 13వ నంబరు పెట్టెలో 200 పైచిలుకు కొత్త ఓట్లు బయటపడ్డాయి. ఓటర్ల పేర్లు చక్కగా అక్షర క్రమంలో, ఒకే చేతిరాతలో! రిగ్గింగ్ మన సొంత ఆస్తి అనుకుంటూ ఇన్నాళ్ళూ బతికాను. అప్పట్లో టెక్సాస్ డెమొక్రాట్ల కోట కాబట్టి ఆ ప్రైమరీ గెలిస్తే నవంబరు లాంఛనమే. ఆయన ఆ తర్వాత దేశాధ్యక్షుడు కూడా అయ్యాడు. 87 మంది అంటే మా వీధిలో ఒక గృహప్రవేశానికి వచ్చే జనం.

సరే, బుద్ధి తెచ్చుకుని వస్తే మీరు చూపించే విశ్వరూపం ఏమిటి! జడ్జిల పేర్లు, మళ్ళీ జడ్జిల పేర్లు. కౌంటీ జడ్జి అంటే కోర్టు వ్యవహారం అనుకుంటాం, ఆయన చూసేది ముఖ్యంగా కౌంటీ బడ్జెట్టూ రోడ్లూ. రైల్‌రోడ్ కమిషనరుకి రైళ్ళతో సంబంధమే లేదు, చమురూ గ్యాసూ ఆయన శాఖ. ఒక్క గుర్తుతో ఒకే పార్టీ అభ్యర్థులందరికీ గుద్దేసి వచ్చే సౌకర్యం 2020 నుంచి తీసేశారు. ఫోన్లో వెతుకుదామంటే లోపల ఫోను నిషేధం, కాగితం మీద రాసుకొస్తే మాత్రం పర్లేదట. ఇంటర్ పరీక్షల్లో చీటీ పెట్టి డిబారైన మా బాబాయి ఈ దేశానికి వచ్చుంటే ఆదర్శ పౌరుడయ్యేవాడు.

ఓటరుగా చేరడం ఇంకో ముచ్చట. వీధికి పదిమంది యాప్‌లు రాసి బతికే ఊరు మాది. దోసెల పిండి కూడా ఫోన్లోనే ఆర్డరు పెడతాం. ఓటు నమోదుకి మాత్రం, లైసెన్సు రెన్యువల్‌తో పాటు చేసుకుంటే తప్ప, ఫారం నింపి సంతకం పెట్టి పోస్టులో వేయాలి, లేదా స్వయంగా వెళ్ళి ఇచ్చి రావాలి. అదీ ఎన్నికకి 30 రోజుల ముందే.

అన్నట్టు, మా పక్కింటి తమ్ముడికి మేయరు పోటీలో ఎవరున్నారో, ఏ రోడ్డు విస్తరణ ఎందుకు ఆగిందో, టాక్స్ రేటు ఎన్ని సెంట్లో అన్నీ కంఠతా వచ్చు. మాతో సమానంగా టాక్స్ కడతాడు. ఇంకా గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నాడు కాబట్టి ఓటు లేదు. ఓటున్న మా గ్రూపులో మంగళగిరి మెజారిటీ బూత్‌వారీగా చెప్పగలరు. సిటీ కౌన్సిల్లో ఎంతమంది ఉంటారని అడిగి చూడండి, "గుడ్ మార్నింగ్" పువ్వు వస్తుంది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, వచ్చే మేలో తమరు వేంచేసేటప్పుడు ఇండియన్ స్టోరు ముందు ఒక ఫ్లెక్సీ కట్టించండి, బిర్యానీ ఉందని పుకారు పుట్టించండి. మిగతాది మావాళ్ళు చూసుకుంటారు.

ఇట్లు,
తమ విధేయుడైన ఓటరు.

తా.క.: మొన్న ఉగాది ఫంక్షన్‌కి ఒక అభ్యర్థి వచ్చాడు. శాలువా కప్పించుకున్నాడు, బొబ్బట్టు తిన్నాడు, "నమస్తే" అన్నాడు, ఫోటోలు దిగి వెళ్ళిపోయాడు. ఏ పదవికి పోటీ చేస్తున్నాడో ఆయన చెప్పలేదు, మావాళ్ళెవరూ అడగలేదు. ఆయన మీలో ఎన్నో పేజీలో ఉన్నాడో కాస్త కబురు చేయగలరు, చీటీలో రాసుకోవాలి.