నున్నని నేలను సమర్థిస్తూ

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు సెలవిచ్చారు. ఆ మాట అన్న మహానుభావులు డెబ్బై అయిదో ఏట తడి బాత్‌రూములో తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఉండరు. అయినా వారి మీద గౌరవంతో మనం ఇప్పటికీ కాలు నిరాటంకంగా జారేలాగే ఇళ్లు కట్టుకుంటున్నాం.

హాల్లో పరచిన టైల్స్‌లో ముఖం కనిపించాలన్నది గృహప్రవేశానికి వచ్చే బంధువుల న్యాయమైన కోరిక. వారు ఒక పూట భోంచేసి వెళ్లిపోతారు, తాతగారు మాత్రం మిగిలిన జీవితమంతా ఆ అద్దం మీదే నడవాలి. కానీ ప్రజాస్వామ్యంలో చెల్లేది అధిక సంఖ్యాకుల మాటే కనుక, నాలుగు వందల మంది అతిథుల ముందు ఒక్క తాతగారి తుంటి ఓడిపోవడంలో అన్యాయమేమీ లేదు.

కమోడ్ పక్కన గోడకు గట్టి స్టీలు కడ్డీ బిగిద్దామని ఎవరైనా అంటే, ఇల్లు ఆసుపత్రిలా కనిపిస్తుందని కుటుంబమంతా ఏకగ్రీవంగా తోసిపుచ్చుతుంది. అంతమాత్రాన అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదనుకోకూడదు. తువ్వాళ్లు ఆరేసే రాడ్డు ఉంది. చిన్న మరలతో నిలబడిన ఆ రాడ్డు, మనిషి బరువు పడిన మరుక్షణం గోడను వదిలి ఆయనతో పాటే కిందికి వస్తుంది. కష్టకాలంలో అంతగా తోడొచ్చే వస్తువు ఇంట్లో మరొకటి లేదు.

ఫాల్స్ సీలింగ్‌లో రంగురంగుల దీపాలు పెట్టించి, మంచం నుంచి బాత్‌రూముకు వెళ్లే దారిలో ఒక చిన్న బెడ్‌లైటు పెట్టించకపోవడం వెనుకా లోతైన ఆలోచన ఉంది: అర్ధరాత్రి లేచే పెద్దాయనను చూడటానికి అతిథులెవరూ రారు. బీపీ మాత్రో నిద్ర మాత్రో వేసుకున్నవారు గబుక్కున లేస్తే కళ్లు తిరగవచ్చనీ, మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలనీ వైద్యులు చెబుతారు. మనం అంత దూరం పోకుండా ‘జాగ్రత్త నాన్నా’ అని పక్క గదిలోంచి ఒక కేక వేస్తాం. ఖర్చు లేని భద్రతా పరికరం అదొక్కటే.

కాళ్ల బలాన్నీ, తూలకుండా నిలబడే శక్తినీ పెంచే వ్యాయామాల వల్ల పెద్దవారు పడిపోవడం సుమారు నాలుగో వంతు తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. మన ప్రేమ అందుకు ఒప్పుకోదు. ఈ వయసులో మీకెందుకండీ అంటూ నీళ్ల గ్లాసు కూడా కుర్చీ దగ్గరికే తెచ్చిస్తాం, దాంతో ఏడాది తిరిగేసరికి కుర్చీలోంచి లేవడమే ఆయనకు పెద్ద సాహసమవుతుంది.

ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది కింద పడి మరణిస్తున్నారనీ, వారిలో 80 శాతానికి పైగా అల్ప, మధ్య ఆదాయ దేశాల వారేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అరవై దాటినవారికే ఈ ముప్పు ఎక్కువట. ఇది విని విదేశాల్లోని పిల్లలు చలించకుండా ఉండలేరు. వెంటనే హాల్లో ఒకటి, వరండాలో ఒకటి కెమెరాలు పెట్టించి, ఫోనులో చూసుకుంటూ నిశ్చింతగా ఉంటారు. కడ్డీ ఖర్చు కంటే కెమెరా ఖర్చు ఎక్కువే అయినా, కడ్డీ మనిషిని పట్టుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. కెమెరా అలా కాదు, నాన్నగారు ఎలా పడ్డారో నెల రోజుల పాటు భద్రంగా దాచి, అడిగినప్పుడల్లా చూపిస్తుంది.