రివ్యూ రిపోర్టు బయటపెట్టండి

విశాఖ మద్దిలపాలెంలో థీసిస్‌లు బైండింగ్ చేసే జిరాక్స్ షాపు దగ్గర మొన్న ఒక రీసెర్చ్ స్కాలర్ ఫోన్ చూపించాడు. జర్నల్‌కు పేపర్ పంపి రెండు రోజులు కాలేదు, ‘యాక్సెప్టెడ్’ అని మెయిల్. అచ్చుకు ముందు పేపర్‌ను పరీక్షించాల్సిన రివ్యూయర్ రాసింది ఒక్క ముక్క: పేపర్ బాగుంది, ఇంగ్లిష్ కాస్త చూసుకోండి. కింద ఫీజుకి క్యూఆర్ కోడ్. ఆ ముక్క కంటే కోడే పెద్దగా ఉంది.

నమ్మదగిన జర్నళ్ల పేర్లుండే కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఎత్తేశాక, ఏ జర్నల్ మంచిదో తేల్చే పని యూనివర్సిటీల నెత్తిన పడింది. మళ్లీ కమిటీ వేసి మళ్లీ జాబితా రాస్తే పాత కథే. 2018లో యూజీసీ అప్పటి తన జాబితాలోంచే 4,305 జర్నళ్లను ఒకేసారి తీసేయాల్సి వచ్చింది కదా!

నేనడిగేది ఒక్కటే. అచ్చయిన ప్రతి పేపర్ పక్కనే రివ్యూయర్లు అడిగిన ప్రశ్నలు, రచయిత ఇచ్చిన జవాబులు పెట్టాలి. అలా పెట్టని జర్నల్‌ను అధ్యాపకుల ప్రమోషన్ లెక్కలోకి తీసుకోకూడదు. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. యూరప్‌లోని జీవశాస్త్ర పత్రిక ఎంబో జర్నల్ 2009 నుంచే రిపోర్టులు ప్రచురిస్తోంది. 2025 జూన్ నుంచి తనకు కొత్తగా వచ్చే పరిశోధన పేపర్లన్నిటికీ పేరున్న సైన్స్ పత్రిక నేచర్ కూడా ఇదే పద్ధతి పెట్టింది.

అసలు రివ్యూ ఎలా ఉంటుందో నాకు ఒకసారి బాగా తగిలింది. ఏడు నెలలు తిప్పి, చివరికి ఒక ప్రశ్న పంపారు: ‘పట్టికలో 40 శాంపిళ్లు అన్నారు, గ్రాఫులో 36 చుక్కలే ఉన్నాయి. మిగతా నాలుగూ ఏమయ్యాయి?’ ఒళ్లు మండింది. తీరా నోట్‌బుక్ తీసి చూస్తే తప్పు నాదే. ఆ ప్రశ్న ఇప్పటికీ ఎడిటర్ ఫైల్లోనే ఉంది. నా పేపర్ కంటే అదే విలువైనది.

రిపోర్టులు బయటపెడితే, చిన్నవాళ్లు పెద్ద ప్రొఫెసర్లను తప్పుపట్టడానికి జంకుతారు అంటారు. నిజమే. పేరు దాచుకోండి, రిపోర్టు దాచకండి.

మన జబ్బు జర్నళ్లతోనే పోదు లెండి. చదవడం మానేసి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఎన్ని పేపర్లని అడుగుతారే గానీ, ఒక్కదాన్నైనా తెరిచి ఇదేంటని అడిగేవాళ్లు ఏరీ? జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందాలని కేంద్రం ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది. సుమారు 13,000 జర్నళ్లు! తలుపులు తెరిచారు సరే, లోపలికి వెళ్లేదెవరు? 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊరు ఇది. చదివి మార్కులేసే పద్ధతి ఇక్కడే మొదలైతే తప్పేంటి?

‘ఫీజు కట్టేయమంటారా సార్?’ అన్నాడు ఆ స్కాలర్ కుర్రాడు. రెండో రివ్యూయర్ రిపోర్టు కూడా పంపమని అడుగు అన్నాను. అక్కడే నిలబడి మెయిల్ కొట్టాడు. టీ తాగేలోపే జవాబొచ్చింది. మళ్లీ అదే క్యూఆర్ కోడ్.